నాలుగు చాటల్లో ఒకే చెయ్యి

పది రోజుల కిందట ఒక మధ్యాహ్నం, నేను తలుపు దగ్గరగా వేసుకొని కంప్యూటరు ముందు పని చేసుకుంటుంటే, మూడున్నరేళ్ళ మా పాప చప్పుడు చేయకుండా లోపలికి వచ్చింది. నా కాగితాలు ఎగిరిపోకుండా వాటి మీద బరువుగా పెట్టుకునే ఇనుప రేకు తీసుకొని, కింద బోర్లా పడుకొని, దాని చుట్టూ రంగు పెన్సిలుతో గీతలు గీయడం మొదలుపెట్టింది. నేను చూసేసరికి కాగితం నిండా ఒకే కొలత గళ్ళు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ, మధ్యలో వేలు పట్టేంత జాగా కూడా లేకుండా ఉన్నాయి. ఆ రేకు మా అమ్మది. తునికాకు మీద దాన్ని ఆనించి, చుట్టూ కత్తెర తిప్పి, బీడీకి కావలసిన కొలతకు ఆకు కోసేది. కొనలు అరిగి నున్నబడ్డ ఆ రేకును, పెళ్ళయి నిజామాబాద్‌కు వచ్చేటప్పుడు ఎందుకు అడిగి తెచ్చుకున్నానో నాకే సరిగా తెలియదు. పాప గీసిన గళ్ళు చూస్తుంటే ఒక్క ఆకులో నాలుగు ముక్కలు రావాలని అమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకోవడం గుర్తొచ్చింది. ముద్దొచ్చి పాపను దగ్గరికి తీసుకోవలసింది పోయి, పని మధ్యలో ఎందుకొచ్చావని కసిరాను. అది ఏడ్చింది. అప్పుడే ఫోను మోగింది.

ఫోను చేసింది ఆఫీసులో నా పని చూసే పై మేడమ్. నా ఉద్యోగం ఇంటి నుంచే. ఎక్కడో సముద్రాల అవతలి ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన కాగితాలు చదివి, ఏ జబ్బుకు ఏ అంకె వేయాలో చూసి వేయడం. ఒక్క అంకె తప్పితే కాగితం వెనక్కి వస్తుంది, నా పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. ఈ మధ్య ఎర్ర గుర్తులు ఎక్కువయ్యాయి. ఆమె కోప్పడలేదు, వెనకాల పాప ఏడుపు వింటూనే మెత్తగా చెప్పింది. ఒక నెల చూస్తారట, తప్పులు తగ్గితే సరే, లేకపోతే ఇంటి నుంచి పని కుదరదు, హైదరాబాద్ ఆఫీసుకు రావలసిందేనట. మా ఆయన విత్తనాల కంపెనీలో పని చేస్తారు, పొద్దున బయలుదేరితే ఊళ్ళన్నీ తిరిగి దీపాలు పెట్టాకే ఇల్లు చేరతారు. అంటే నా ముందు రెండే దారులు. ఉద్యోగం మానుకోవాలి, లేదా పాపను మోర్తాడ్‌లో అత్తమ్మ దగ్గర వదిలి హైదరాబాద్‌లో ఉండి వారానికొకసారి వచ్చి పోవాలి. పసుపు ఉడకబెట్టే రోజుల్లో అత్తమ్మకు తన తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు, ఇక పాపను ఎక్కడ చూస్తుంది?

ఆ పది రోజులూ నేను మా అమ్మనే తలుచుకున్నాను. ఇప్పుడందరూ ఇంటి నుంచి పని అని కొత్త సంగతిలా చెప్పుకుంటారు గానీ, నాతోపాటు బోధన్‌లో, మోస్రాలో, మాక్లూర్‌లో పెరిగిన నా ఈడు వాళ్ళకు అదేమీ కొత్త కాదు. మనలో ఎంతమందిమి పుస్తకాలు, జడరిబ్బన్లు, పరీక్ష ఫీజులు అమ్మ ఒడిలో ఉన్న చాటలోంచే తెచ్చుకోలేదు! నాకు గుర్తున్న అమ్మ ఎప్పుడూ ఒకే తీరుగా కూర్చొని ఉంటుంది. అరుగు మీద గోడకు వీపు ఆనించి, ఒక కాలు చాపి, ఒడిలో చాట పెట్టుకొని, తల వంచుకొని, చేతులు మాత్రం తమ మాట తామే వింటున్నట్టు కదుపుతూ.

మా ఇల్లు బోధన్‌లో, చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగిన సందులో ఉండేది. మా నాన్న, బాపు, చెరుకు ఆడే సీజన్‌లో ఫ్యాక్టరీకి పనికి పోయేవాడు, సీజన్ అయిపోతే దొరికిన పని చేసేవాడు. అమ్మ పనికి మాత్రం సీజన్ లేదు. ఆకును నీళ్ళతో తడిపి, గోనెపట్టాలో చుట్టి పెట్టేది. మరీ తడిస్తే నల్లబడుతుంది, తడి చాలకపోతే చుట్టేటప్పుడు పిగులుతుంది, ఆ మధ్యలో ఎక్కడ ఆపాలో అమ్మ ముక్కుతో చెప్పేది. పొద్దున గోనె విప్పితే వాన పడ్డ అడవి లోపలికొచ్చినట్టు వాసన వచ్చేది. ఆకు కోసి, పేర్చి, చాటలో తంబాకు పోసుకొని కూర్చుంటే ఇక చూడవలసిందే. ఎడమ చేతిలో ఆకు, కుడి చేత్తో చిటికెడు తంబాకు, రెండు బొటనవేళ్ళు ఒకసారి ముందుకు పోయి వచ్చేసరికి బీడీ అయిపోయేది. దారం రెండు చుట్లు చుట్టి, మూతి నాలుగు వైపులా లోపలికి మడిచి పక్కన వేసేది. ఇరవై అయిదు కాగానే ఒక కట్ట. అమ్మ ఎన్నడూ లెక్కపెట్టగా నేను చూడలేదు, ఇరవై అయిదో బీడీ దగ్గర చెయ్యి దానంతటదే కట్టదారం మీదికి పోయేది. తంబాకు పొడికి దగ్గేది, అది కూడా చెప్పాలి. ఇప్పటికీ చలికాలం దగ్గుతుంది. ఆ పనిలో అంతా అందమే ఉందని నేను అనను. కానీ ఆ చేతులు చేసిన పనిని చూసినంత ఇష్టంగా నేను ఇంకే మనిషి పనినీ చూడలేదు.

అరుగు మీద అమ్మ ఒక్కతే ఉండేది కాదు. నాలుగు ఇండ్ల ఆడవాళ్ళు మా అరుగు మీదే కూర్చొనేవారు, సందులో అదే పెద్దది కాబట్టి, మధ్యాహ్నం దాకా నీడ ఉంటుంది కాబట్టి. అమ్మ, అమ్మకు సొంత అక్క అయిన మా పెద్దమ్మ, ఎదురింటి అవ్వ, పక్కింటి ఆపా. అవ్వకు తెల్ల జుట్టు, ఎవరినైనా తిట్టే హక్కు ఉండేవి. ఆపాకు నవ్వు ఎక్కువ, తెలుగు, ఉర్దూ కలిపి గలగల మాట్లాడేది. నాలుగు ఇండ్లలో కలిపి పిల్లలం ఎనిమిదిమందిమి.

పిల్లలమైన మాకు వారాల పేర్లతో పని ఉండేది కాదు. పొద్దున లేవగానే, ఇయ్యాల ఎవల దినం అని అడిగేవాళ్ళం. నలుగురిలో రోజుకొకరు చాట పట్టేవారు కాదు. ఆ దినం ఆమెది. ఎనిమిదిమంది పిల్లలకు తిండి, స్నానం, కొట్లాటలు, నల్లా నీళ్ళు పట్టడం, నాలుగు పొయ్యిల మీద పప్పు చూడడం, అంతా ఆమే. ఆపా దినమంటే మాకు పండుగ, సేమ్యా చేసేది, మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి దయ్యాల కథలు చెప్పేది. పెద్దమ్మ దినం మెత్తగా గడిచేది, ఆమె నిద్రపోతే మేము చెరుకు ట్రాక్టర్ల వెనక ఉరికి గడలు గుంజుకొచ్చేవాళ్ళం. అవ్వ దినమంటే అందరికీ హడల్. వేడినీళ్ళు, కుంకుడు రసం, పేన్ల దువ్వెన. నెత్తి దువ్వుతూ, "ఏందే నీ తలకాయల సంత పెట్టినవా, మోస్రా కాడికెళ్ళి కూడ వచ్చినట్టున్నయి పేన్లు!" అని గుంజేది. అమ్మ దినం గురించి పిల్లలేమనుకునేవారో నాకు తెలియదు, నాకు మాత్రం ఆ రోజు అమ్మ ఒడి ఖాళీగా దొరికేది. చాట లేని ఒడిలో తల పెట్టుకొని పడుకుంటే ఆమె చేతులు ఊరికే ఉండలేక నా వెంట్రుకలను బీడీ చుట్టినట్టు చుట్టేవి.

నాకు తొమ్మిదేళ్ళున్న ఎండాకాలంలో మాక్లూర్ నుంచి మా మేనత్త వచ్చింది. ఆమె కూడా బీడీలు చేసేది. ఆ రోజు అమ్మ దినం. అమ్మ చాట గోడకు నిలబెట్టి, పిల్లలకు వరసగా అన్నం పెడుతున్నది. మేనత్త కాసేపు చూసి, కొంగు సర్దుకుంటూ అంది.

"నీదే మంచిగున్నది మరదలా. మా తమ్మునికి సీజన్ అయిపాయె, ఇంటికాడ కూసునె. నువ్వేమో చాట గోడకు పెట్టి ఊరోళ్ళ పిల్లల ఆడిపిస్తున్నవు. నాకైతే గింత పురుసత్ ఏడ దొరుకుతది!"

అమ్మ నవ్వి ఊరుకుంది. "తిను వదినె, పప్పు చల్లారుతది" అంది, అంతే. ఆపా మాత్రం చాటలోంచి తలెత్తకుండానే, "ఆమెకు పురుసత్ మేమిచ్చినం, నీక్కూడ కావాల్నా, వచ్చి ఈడ్నే ఉండు" అని నవ్వింది. మేనత్తకు ఆ మాట తలకెక్కలేదు. నాకూ ఎక్కలేదు. నాకు ఎక్కింది ఒక్కటే. నాలుగు రోజులకొకసారి మా అమ్మ పని ఆగుతున్నది, ఇంట్లో బాపుకు పని లేదు, బడి తెరిచేసరికి నాకూ తమ్మునికీ పుస్తకాలు కావాలి, అమ్మేమో నవ్వి ఊరుకుంటుంది. పిల్లలకు దిగులు పడితే పెద్దవాళ్ళ దిగులు కన్నా ఎక్కువ, ఎందుకంటే దాన్ని ఎవరితోనూ చెప్పుకోరు. ఆ గుణం నాకు ఇప్పటికీ పోలేదు.

నేను ఒక ఉపాయం చేశాను. నాలుగు రోజులు అరుగు మీద రాలిన ఆకు ముక్కల్లో పెద్దవి ఏరాను, చాటలు దులిపిన చోట తంబాకు పోగుచేశాను, దారపు ఉండలోంచి కొంత తెంపాను. దొడ్లో నీళ్ళ గాబు వెనక కూర్చొని చుట్టడం మొదలుపెట్టాను. చూసి చూసి నాకు అంతా వచ్చనుకున్నాను. వేళ్ళకు మాత్రం రాదని అక్కడ తెలిసింది. ఒకటి బొద్దుగా, ఒకటి సన్నగా, ఒకటి మూతి తెరుచుకొని. అయినా ఇరవై అయిదు చేశాను, కట్ట కట్టాను. మళ్ళీ అమ్మ దినం వచ్చింది. ఆ సాయంత్రం అమ్మ గంపకు గుడ్డ కప్పి మూలకు పెట్టి ఉంటే, గుడ్డ అంచులోంచి చెయ్యి దూర్చి నా కట్టను లోపలికి తోశాను. చేతికి వేరే కట్టలు తగిలాయి. ఇవాళ అమ్మ చుట్టనే లేదు కదా, నిన్నటివి మిగిలి ఉంటాయిలే అనుకున్నాను.

తెల్లారి కార్ఖానాకు నేనూ వెంట పోతానని ఏడ్చి పోయాను. కార్ఖానా అంటే పెద్దదేమీ కాదు, ఒక పొడవాటి గది, ముందు రేకుల షెడ్డు. ఆడవాళ్ళు గంపలతో వరసలో నిలబడతారు, లోపల ఒకాయన చాప మీద కూర్చొని ఒక్కొక్కరి బీడీలు చూసి తీసుకుంటాడు, తర్వాత ఎవరి పేరు మీదున్న కార్డులో వాళ్ళ లెక్క రాసి, మరుసటి రోజుకు ఆకు, తంబాకు తూచి ఇస్తారు. ఆయన కొత్తగా వచ్చాడు, కళ్ళద్దాల పైనుంచి చూసేవాడు. ఒక్కొక్క గంపలోంచి రెండు మూడు కట్టలు తీసి, నొక్కి, మూతులు చూసి, బాగుంటే పక్కన పెట్టేవాడు. అమ్మ గంప ఆయన ముందు పెట్టింది. ఆయన చెయ్యి నేరుగా నా కట్ట మీదికి పోయింది. పోక ఏం చేస్తుంది, పొడుగువాళ్ళ వరసలో పొట్టివాడిలా అదొక్కటే వంకరగా ఉంది మరి.

"గిది ఎవల చెయ్యి?" అన్నాడు.

అమ్మ ముఖంలో రక్తం ఇంకిపోవడం నేను చూశాను. వెనక నిలబడ్డ ఆపా నవ్వు ఆగిపోయింది. పెద్దమ్మ అవ్వ మోచెయ్యి పట్టుకుంది. వాళ్ళు నలుగురూ ఎందుకంత బెదిరారో నాకు అర్థం కాలేదు. ఒక్క కట్టే కదా!

"నిన్నే అడుగుతున్న. కార్డు నీ పేరు మీద ఉన్నది, చెయ్యి ఇంకొకల్లది ఉన్నది. ఒకల కార్డు మీద ఇంకొకలు చుడితే నడువది, ముందే చెప్పిన. తెలిసిందంటే ఆకు బంద్, కార్డు బంద్."

"నా బీడీలే" అంది అమ్మ.

"అట్లనా? అయితే కూసో. గీడ్నే చుట్టు, చూస్త."

ఆకు, తంబాకు, దారం అమ్మ ముందు పెట్టించాడు. వరసలో ఉన్నవాళ్ళంతా చుట్టూ మూగారు. అమ్మ కొంగు నడుముకు చెక్కి కూర్చుంది. ఒక్కసారి నా వైపు చూసింది, ఆ కట్ట ఎక్కడిదో ఆ చూపుతోనే ఆమెకు తెలిసిపోయిందని నాకూ తెలిసిపోయింది. తర్వాత తల వంచుకుంది. నేను ఆ చేతుల్నే చూస్తున్నాను. అవి అరుగు మీద ఎట్లా కదిలేవో అట్లాగే కదిలాయి. పది బీడీలు చుట్టి ఆయన ముందు వరసగా పెట్టింది.

ఆయన గంపలోంచి మూడు కట్టలు తీశాడు, అడుగున ఉన్నది ఒకటి, మధ్యది ఒకటి, పైది ఒకటి. విప్పి అమ్మ బీడీల పక్కన పెట్టాడు. వేళ్ళ మధ్య దొర్లించాడు, మూతులు చూశాడు, దారం గోరుతో గీరాడు. ఆపా ఊపిరి నా తల మీద తగులుతున్నది. చాలాసేపు చూసి, "గివి నీయే" అన్నాడు. ఆ తర్వాత నా కట్ట ఎత్తి చూపించాడు. "మరి గిదేంది?"

అమ్మ నన్ను చెయ్యి పట్టుకొని ముందుకు లాగింది. "గది నా బిడ్డది. నాకు తెల్వకుంట పెట్టింది. తప్పైంది, పారెయ్యి."

ఆయన కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు. నేను ఏడవడానికి తయారుగా ఉన్నాను.

"బడికి పంపుతున్నవా?"

"నాలుగో తరగతి. ఫస్టు వస్తది."

"బడిల ఫస్టు వస్తదేమో గని, బీడీలల్ల ఫేలయింది పో" అని నా కట్టను చెత్తబుట్టలోకి విసిరాడు. వరసంతా గొల్లున నవ్వింది. అమ్మకు ఆకు తూచి ఇచ్చారు.

తిరిగి వచ్చేటప్పుడు సందు మలుపులో అవ్వ ఆగి, గంప దించి, నా చెవి పట్టుకుంది. "నాలుగిండ్ల నోట్ల మన్ను గొడుతుంటివి గదనే పొల్లా!" పెద్దమ్మ విడిపించింది. ఆపా నవ్వడం మొదలుపెట్టి, నవ్వీ నవ్వీ రోడ్డు పక్కన కూర్చుండిపోయి, కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన తీసిన మూడు కట్టల్ల పైది నాది, మధ్యల మీ అక్కది, కిందిది అవ్వది. నీది ఒక్కటి లేదు గదా అందుల! యా అల్లా, నా పానం పోయింది" అంది. నేను అమ్మ ముఖం చూశాను. అవి అమ్మ చుట్టిన బీడీలు కావు, మరి అమ్మవే అని ఆయన ఎట్లా అన్నాడు?

ఆ సాయంత్రం మిగతా పిల్లల్ని ఆడుకోవడానికి తరిమి, నన్ను మాత్రం అరుగు మీద కూర్చోమన్నారు. ఆ రోజు పెద్దమ్మ దినం. చీకటి పడబోతుంటే మిగతా ముగ్గురూ చాటలు దించి, తలా పది కట్టలు తీసి పెద్దమ్మ గంపలో పెట్టారు. ఎవరూ ఏమీ అనుకోలేదు, మంచినీళ్ళు అందించినంత మామూలుగా పెట్టారు. అప్పుడు నాకు అర్థమైంది. మా అమ్మ దినాన అమ్మ గంప ఖాళీగా ఉండనే ఉండదు. చుట్టేరోజు పిల్లల గోల లేకుండా వేయి బీడీలు చేస్తారు, అందులోంచి చాట పట్టని ఆమెకు ఇస్తారు, నాలుగు గంపలు సమానమవుతాయి. ఎవరింట్లో వాళ్ళు, పిల్లల్ని చంకలో వేసుకొని చుట్టినప్పుడు అందులో సగం కూడా అయ్యేవి కావట. మేనత్తకు చెప్పకపోవడం గర్వంతో కాదు, భయంతో. మాట ఒక చెవి నుంచి ఇంకో చెవికి పోతూ కార్ఖానాకు చేరితే నలుగురి కార్డులూ పోతాయి.

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. బీడీ చుట్టే ప్రతి మనిషికీ ఒక చెయ్యి ఉంటుంది. చేతిరాత లాంటిదే. పెద్దమ్మ మూతి బొద్దుగా మడిచేది, ఆపా దారం బిగించి కట్టేది, అమ్మ బీడీ కొంచెం సన్నం. ఒకరివి ఒకరి గంపలో పెడితే పట్టుబడతారు. అందుకని మొదట్లో నెలరోజులు నలుగురూ ఒకరి బీడీలు ఒకరు విప్పి, మళ్ళీ చుట్టి, ఎవరి చెయ్యి ఎక్కడ తేడా వస్తుందో చూసుకొని, అందరిలోకీ పాత చెయ్యి అయిన అవ్వ చేతికి అందరూ తమ చేతులు మార్చుకున్నారట. ఆపా దారం వదులు చేసింది, పెద్దమ్మ మూతి సన్నం చేసింది, మా అమ్మ తంబాకు కాస్త ఎక్కువ పెట్టడం నేర్చుకుంది. కార్ఖానా చాప మీద అమ్మ చుట్టి చూపించింది అవ్వ చెయ్యి. ఆయన కొలిచింది కూడా అవ్వ చెయ్యే. నాలుగు చాటలు, ఒకే చెయ్యి. పెద్ద పెద్ద ఆఫీసుల్లో నేర్పే శిక్షణలు కొన్ని నేనూ తీసుకున్నాను గానీ, ఇంత పని ఇంత చప్పుడు లేకుండా నేర్చుకున్నవాళ్ళను ఎక్కడా చూడలేదు.

అమ్మ నన్ను కొట్టలేదు. పడుకునే ముందు అంది. "నీ బీడీ మంచిగ లేదని కాదు బిడ్డా. అది మా నలుగుర్ల ఎవ్వలది కాదు, గంతే."

ఇదంతా మరిచిపోయానని చెప్పను. గుర్తుంది, నవ్వుకునే కథగా గుర్తుంది. పెళ్ళిళ్ళలో కలిస్తే, బీడీలల్ల ఫేలయిన పిల్ల అని ఆపా ఇప్పటికీ పిలుస్తుంది. కానీ నాకు పాప పుట్టి, ఇంట్లో కంప్యూటరు పెట్టుకొని కూర్చున్నాక, నేను పోల్చుకున్నది ఆ అరుగుతో కాదు. అరుగు మీద తల వంచుకొని కూర్చున్న ఒక్క అమ్మతో. ఆమె చేయగలిగింది, నేనెందుకు చేయలేను అని. ఫొటోలోంచి మిగతా ముగ్గురినీ కత్తిరించి అమ్మను ఒక్కతినే దాచుకున్నట్టు అయింది నా జ్ఞాపకం.

పై మేడమ్ ఫోను వచ్చిన మూడో రోజు అమ్మకు ఫోను చేశాను. నన్నూ తమ్ముణ్ణీ పెట్టుకొని రోజుకు అన్ని బీడీలు ఎట్లా చుట్టేదానివమ్మా, మా మీద ఒక్కనాడు కూడా కసురుకోలేదు గదా అని అడిగాను. అమ్మ నవ్వింది, నవ్వుతూ దగ్గింది.

"నేను ఏడ సూసినే మిమ్ముల? చుట్టే దినం మీ మొఖమే సూడకపోతుంటి. నా దినం వచ్చిందంటే మీరు తప్ప ఇంకోటి సూడకపోతుంటి. ఒక్క దినంల రెండూ చెయ్యవడితే నేను కూడ కొడుతుంటి మిమ్ముల." దగ్గు ఆగాక అడిగింది. "నీ పక్కపొంటి ఎవ్వలు లేరా బిడ్డా?"

ఈ బిల్డింగులోకి వచ్చి రెండేళ్ళు. ఎదురు తలుపు వెనక కుట్టుమిషన్ పొద్దున పది నుంచి నడుస్తుందని నాకు తెలుసు, మీటింగులో నా మైకు ఆపేసేది ఆ చప్పుడు వల్లే. అది ఆగిందంటే వాళ్ళ పిల్లవాడు ఏడుస్తున్నాడన్నమాట. ఆ పిల్లవాడి పేరు మాత్రం నాకు తెలియదు.

తలుపు కొట్టడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఏమనుకుంటుందో, కాదంటే రోజూ ముఖం ఎట్లా చూసుకోవాలో, పాపకు అక్కడ సూది గుచ్చుకుంటే ఎట్లా, ఇట్లా నాకు రాని ఆలోచన లేదు. తలుపు తీసిన అమ్మాయి నాకన్నా చిన్నది, మెడలో టేపు, నోట్లో దారం పోగు. నేను ముక్కలు ముక్కలుగా చెప్పింది విని, దారం తీసి అంది.

"నేనే అడుగుదామనుకున్న అక్కా. మీరు కంప్యూటర్ ముందట ఇంగ్లీషుల మాట్లాడేటోళ్ళు, మా పోరన్ని ఎందుకు సూస్తరని ఊకున్న."

ఆమె కుట్టే రోజుల్లో నేను ఇద్దరు పిల్లల్నీ చూస్తాను, నేను పని చేసే రోజుల్లో ఆమె చూస్తుంది అనుకున్నాం. నాకు ఆఫీసు పూర్తి సెలవు ఇవ్వదు కాబట్టి, పిల్లల్ని చూసే రోజు నా పని పొద్దున పెందరాళే, మళ్ళీ పాప పడుకున్నాక. పిల్లల్ని చూసిన రోజుకు బదులుగా నేను ఆమెకేమిస్తాను, ఆమె నాకేమిస్తుంది అన్న దగ్గర ఇద్దరమూ ఆగిపోయాం. ఆమె నా కాగితాలకు అంకెలు వేయలేదు, నేను జాకెట్టు కోయలేను. ఆమే ఆలోచించి, "హుక్కులు కుట్టుడు వస్తదా అక్కా?" అంది. వస్తుందన్నాను. మొదటి జాకెట్టు హుక్కులు చూసి, విప్పి, మళ్ళీ కుట్టమంది. కళ్ళద్దాలు లేవు గానీ చూపు మాత్రం ఆ కార్ఖానా ఆయనదే.

నాలుగు రోజులుగా ఎర్ర గుర్తులు తగ్గాయి. పూర్తిగా పోలేదు, నెల ఇంకా గడవలేదు. పై అంతస్తులో ఫోనులో పాఠాలు చెప్పే ఆమెను కూడా అడిగాను, చూద్దామంది, ఇంకా ఏమీ చెప్పలేదు. అమ్మ కాలానికీ నా కాలానికీ ఉన్న తేడా ఏమిటో నాకు ఇప్పుడు తెలుస్తున్నది. ఆమెకు ఇంటి నుంచి పని అంటే నాలుగు ఇండ్ల మధ్య పని, నాకు ఇంటి నుంచి పని అంటే తలుపు వేసుకొని పని. ఆమె గంపలో ఏ కట్ట ఎవరిదో కళ్ళద్దాల ఆయన కూడా చెప్పలేకపోయాడు. నా తప్పు మాత్రం, ఎంత చిన్నదైనా, నా పేరు మీదే ఎర్రగా నిలబడుతుంది, దాన్ని ఇంకో చెయ్యి కింద దాచేవాళ్ళు లేరు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ అరుగుకు బాపు ఇనుప గ్రిల్లు పెట్టించాడు, దాని వెనక ఇప్పుడు తమ్ముని మోటారు సైకిలు ఉంటుంది.

ఇందాక పాప నిద్రపోయే ముందు, ఆ రేకు చేతిలో పట్టుకొనే, కళ్ళు మూసుకుంటూ అడిగింది. ఆ మాట దానికి ఎవరు నేర్పారో, నేనే నోరు జారానో, ఎదురింటి పిల్లవాడితో ఆడుతూ తానే కనిపెట్టిందో తెలియదు. నేనైతే ఇరవై ఏళ్ళకు పైగా ఆ మాట ఎవరి నోటా వినలేదు.

"అమ్మా, రేపు ఎవల దినం?"